సౌండ్ బాత్‌కి మొదటిసారి వెళ్తున్నా, అసలు అక్కడ ఏం జరుగుతుంది?

నిద్రలేని_నక్షత్రం
వచ్చే ఆదివారం సాయంత్రం సౌండ్ బాత్‌కి వెళ్తున్నాను. వెళ్తున్నాను అనడం కన్నా మా అక్క ఈడ్చుకెళ్తోంది అంటే సరిగ్గా ఉంటుంది. రెండేళ్లుగా నాకు నిద్ర సరిగ్గా లేదు. దానికి తోడు ఎడమ చెవిలో కీ మని సన్నటి మోత, టిన్నిటస్ అన్నారు డాక్టరు. "గంటసేపు పడుకుని వినడమే, నీకేం కష్టం" అంటుంది అక్క. నాకు ఆ గంటే కష్టం. కదలకుండా పడుకోమంటే అప్పుడే ముక్కు దురద పెడుతుంది, అప్పుడే దగ్గు వస్తుంది.

వెతికితే రెండు రకాల రాతలే దొరికాయి. ఒకరు జన్మ ధన్యమైపోయిందంటారు, ఇంకొకరు అంతా బూటకమంటారు. నాకు కావలసింది మామూలు సంగతులు. గదిలోకి వెళ్లాక ఏం చేస్తారు? ఏం వేసుకోవాలి? మధ్యలో లేచి వెళ్లొచ్చా? అందరూ ఏదో అనుభూతి చెందుతుంటే నాకొక్కదానికే ఏమీ అనిపించకపోతే ఎలా? నవ్వు వస్తే? అన్నిటికన్నా పెద్ద టెన్షన్ చెవి గురించి. అసలే మోగుతున్న చెవికి ఇంకో మోత అవసరమా?

వెటకారం_వెంకటం
తువ్వాలు, సబ్బు మర్చిపోకండి.

చెవులపిల్లి
వెంకటం, నువ్వు జోకేశావు గానీ నేను మొదటిసారి నిజంగానే తువ్వాలు తీసుకెళ్లాను. మార్చుకోవడానికి ఒక జత బట్టలు కూడా. పేరులో స్నానం ఉంది కదా, నీళ్లలో కూర్చోబెట్టి ఏదో వాయిస్తారనుకున్నా. అక్కడ చూస్తే చెక్క నేల, చాపల వరస, అంతే. బ్యాగు మూసేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. కానీ అరగంటకి నడుము పట్టేసింది. ఆ తువ్వాలే చుట్టచుట్టి మోకాళ్ల కింద పెట్టుకున్నా. ఆ రోజు నన్ను కాపాడింది అదే.

రెండోబెంచీ
పెద్దగా ఏమీ ఉండదండీ. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తారు. చాప మీద వెల్లకిలా, శవాసనంలో పడుకుంటారు. ఒకరో ఇద్దరో ముందు కూర్చుని సింగింగ్ బౌల్స్ (కర్రతో కొడితే, రుద్దితే మోగే గిన్నెలు), గాంగ్ (వేలాడదీసిన పెద్ద లోహపు పళ్లెం), చైమ్స్ (చిన్న గంటల్లాంటివి) వాయిస్తారు. మీరు వింటారు. 45 నిమిషాల నుంచి గంట, కొన్ని చోట్ల గంటన్నర. పాట ఉండదు, తాళం ఉండదు, తల ఊపడానికి ఏమీ ఉండదు. మొదటిసారి వెళ్లినవాళ్లకి అదే వింతగా ఉంటుంది, "అసలు పాట ఎప్పుడు మొదలుపెడతారు" అని ఎదురుచూస్తుంటారు.

తలగడ
చలి సంగతి ఎవరూ చెప్పలేదు. కదలకుండా పడుకుంటే ఇరవై నిమిషాల్లో ఒళ్లు చల్లబడుతుంది. వచ్చేటప్పుడు ఉక్కగా ఉందని పల్చటి బట్టలతో వెళ్లి వణికిన బాపతు నేను. సాక్సులు వేసుకోండి, దుప్పటి తీసుకెళ్లండి. వాళ్లిచ్చే చాప పల్చగా ఉంటే కింద ఇంకోటి వేసుకోండి. కళ్లకి మాస్క్ ఉంటే మరీ మంచిది. నిండు కడుపుతో వెళ్లొద్దు, మరీ ఖాళీగానూ వద్దు, ఎందుకంటే ఆ నిశ్శబ్దంలో కడుపు చేసే గుడగుడలు గదంతా వింటుంది. బాత్రూమ్‌కి ముందే వెళ్లి రండి. ఇది చిన్న విషయం అనుకుంటారు, నలభయ్యో నిమిషంలో తెలుస్తుంది.

వెటకారం_వెంకటం
గుడగుడలు కూడా ఒక వాద్యమే అనుకోవాలి.

కంచుకంఠం
నేను ఆరేళ్లుగా వాయిస్తున్నాను కాబట్టి అటువైపు నుంచి చెబుతాను. రెండోబెంచీ గారు చెప్పింది సరే గానీ "పెద్దగా ఏమీ ఉండదు" అనడం కొంచెం అన్యాయం.

మామూలుగా నేను సన్నటి శబ్దాలతో మొదలుపెడతాను. ఒక బౌల్‌ని మెత్తటి కర్రతో కొట్టి, ఆ మోత పూర్తిగా ఆగిపోయేదాకా ఇంకోటి ముట్టుకోను. మంచి బౌల్ అయితే నిమిషం దాకా మోగుతుంది. చెవులు అలవాటు పడ్డాక రెండు మూడు బౌల్స్ కలుపుతాను. గాంగ్ మధ్యలో వస్తుంది. అదొక్కటే కొందరిని భయపెడుతుంది, కాబట్టి ముందే చెబుతాను: "ఇది అలలాగా లేస్తుంది, మళ్లీ తగ్గుతుంది, నచ్చకపోతే చెవులు మూసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు." చివర్లో మళ్లీ చిన్న చైమ్స్. ఆ తర్వాత మూడు నాలుగు నిమిషాలు ఏమీ ఉండదు. నన్నడిగితే అసలు సెషన్ ఆ మూడు నిమిషాలే. అంతసేపు మోత విన్న చెవికి నిశ్శబ్దం కూడా ఒక శబ్దంలా తోస్తుంది.

ఇక ఏమీ అనిపించకపోతే ఎలా అని అడిగారు. నా ముందు పడుకున్నవాళ్లు ఏం చేస్తారో చెప్పనా? పదిమందిలో ముగ్గురు నిద్రపోతారు. ఇద్దరు కాలి వేళ్లు ఆడిస్తుంటారు. ఒకరు ఒక కన్ను తెరిచి నేనేం వాయిస్తున్నానో చూస్తారు, నేను చూడగానే ఠక్కున మూసేస్తారు. ఒకరైనా ఇంటి పనులు లెక్కేసుకుంటూ ఉంటారని ఆ నుదుటి ముడత చూస్తే తెలిసిపోతుంది. అందరూ తేలిపోతున్నారు, నేనొక్కదాన్నే చాప మీద ఉన్నాను అనుకోకండి. అందరూ చాప మీదే ఉంటారు.

ఒక విన్నపం. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం కాదు, ఆపేయండి. చెక్క నేల మీద వైబ్రేట్ అయ్యే ఫోన్‌ని మించిన గాంగ్ లేదు.

గోడమీదపిల్లి
గుర్రు పెట్టేవాళ్లని ఏం చేస్తారు?

కంచుకంఠం
పక్కవాళ్లకి ఇబ్బందిగా ఉంటే దగ్గరికెళ్లి చైమ్ మెల్లగా ఆడిస్తాను. సగం మంది పక్కకి తిరిగి పడుకుంటారు. అప్పటికీ ఆగకపోతే గాంగ్ వంతు.

వెటకారం_వెంకటం
కుంభకర్ణుడిని లేపడానికి వాడిన పద్ధతి కూడా దాదాపు ఇదే కదా.

పాత_నర్సు
నక్షత్రం గారూ, మీ చెవి ప్రశ్న అందరూ దాటేశారు, నేను చెబుతాను. టిన్నిటస్ ఉన్నవాళ్లు వెళ్లకూడదని ఏమీ లేదు. కానీ రెండు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి, గాంగ్ దగ్గర పడుకోవద్దు. పెద్ద గాంగ్‌ని గట్టిగా వాయిస్తే దగ్గర్లో 100 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దాటగలదు. అమెరికాలో పని చోట్ల వినికిడి భద్రత చూసే సంస్థ నియోష్ లెక్క ఏమిటంటే, 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు భరించొచ్చు. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, అలా 100కి వచ్చేసరికి పావుగంటే. సౌండ్ బాత్‌లో గాంగ్ గంటంతా ఆ స్థాయిలో మోగదు గానీ, మీ తల దానికి రెండడుగుల దూరంలో ఉండాల్సిన అవసరమూ లేదు. వెనక వరస, తలుపు పక్కన. మెత్తటి ఫోమ్ ఇయర్ ప్లగ్స్ జేబులో వేసుకోండి. వాటితో కూడా శబ్దం బాగానే వినిపిస్తుంది, నేల ద్వారా కూడా కొంత తెలుస్తుంది.

రెండు, మామూలు శబ్దాలకే చెవి నొప్పి పుట్టే రకం అయితే, అంటే గిన్నె కింద పడితే విలవిల్లాడేవాళ్లయితే, ముందు చెవి డాక్టరుని అడిగి వెళ్లండి.

పనిలో పనిగా: మూర్ఛ ఉన్నవాళ్లు, తలకి ఈమధ్య దెబ్బ తగిలినవాళ్లు, పేస్‌మేకర్ లేదా కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం) ఉన్నవాళ్లు తమ డాక్టరుకీ, వాయించేవాళ్లకీ ముందే చెప్పాలి. గర్భిణులైతే, అందులోనూ మొదటి 3 నెలల్లో, చాలామంది నిర్వాహకులు ముందే తెలియజేయమంటారు. కొన్ని చోట్ల బౌల్‌ని మనిషి ఛాతీ మీదో పొట్ట మీదో పెట్టి కొడతారు. మిమ్మల్ని అడగకుండా అది చేయకూడదు. వద్దు అంటే వద్దే.

నిద్రలేని_నక్షత్రం
పాత నర్సు గారికి దండం. గిన్నె పడితే విలవిల్లాడను, కోపం మాత్రం వస్తుంది. వెనక వరస, తలుపు పక్కన అని అక్కకి చెప్పాను. "వెళ్లకముందే పారిపోయే దారి చూసుకున్నావా" అంది.

రెండోబెంచీ
పారిపోయే దారి తెలిసినవాళ్లే హాయిగా పడుకుంటారు. ఇది వెటకారం కాదు. చీకటి గదిలో కొత్తవాళ్ల మధ్య కళ్లు మూసుకుని పడుకోవడం అందరికీ సుఖంగా ఉండదు. నాకు ఒకప్పుడు అదే ఇబ్బంది. గోడకి ఆనుకుని కూర్చుని, కళ్లు సగం తెరిచే వినేవాడిని. ఎవరూ ఏమీ అనలేదు.

కొలతలబడి
మంత్రం తంత్రం పక్కన పెట్టి ఆ శబ్దం ఎలా పుడుతుందో చెబితే మీకు అక్కడ వినడానికి ఒక పని దొరుకుతుంది. ముక్కు దురద మీదకి ధ్యాస పోదు.

బౌల్ అంచు చుట్టూ తోలు చుట్టిన కర్ర తిప్పుతారు చూడండి, ఆ కర్ర అంచుకి అతుక్కుంటూ జారుతూ అతుక్కుంటూ జారుతూ పోతుంది. వయొలిన్ కమాను చేసే పని అదే. తడి వేలితో గాజు గ్లాసు అంచు రుద్దితే మోగడం కూడా అదే. ఆ గ్లాసు కిటుకుతోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1761లో గ్లాస్ ఆర్మోనికా అనే వాద్యం తయారుచేశాడు.

ఇక ఆ వోం... వోం... అని ఊగుతున్నట్టు వినిపించే మోత. చేత్తో సాగగొట్టిన బౌల్ పూర్తి గుండ్రంగా ఉండదు, మందం అన్ని వైపులా సమానంగా ఉండదు. దాంతో ఒకే స్వరం రెండుగా చీలి, కొంచెం తేడాతో రెండూ కలిసి మోగుతాయి. ఒకటి 220 హెర్ట్జ్ (అంటే సెకనుకి 220 కంపనాలు), ఇంకోటి 222 అనుకోండి, సెకనుకి 2 సార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. తయారీలో వచ్చిన వంకరే ఆ అందానికి కారణమన్నమాట.

తెల్లగా పెద్ద కుండల్లా ఉండే క్రిస్టల్ బౌల్స్ కథ వేరు. క్వార్ట్జ్‌ని కరిగించి చేస్తారు. కంప్యూటర్ చిప్స్ పరిశ్రమలో సిలికాన్ కరిగించే పాత్రలే వీటికి మూలం. పేరు క్రిస్టల్ అయినా, కరిగించాక అది శాస్త్రం ప్రకారం గాజే. వాటి స్వరం చాలా శుద్ధంగా, ఒంటరిగా ఉంటుంది. మూసిన గదిలో అలాంటి నిలకడ స్వరం ఎటునుంచి వస్తోందో చెవికి పట్టడం కష్టం. "శబ్దం నా తల లోపలే మోగింది" అని జనం చెప్పేది అందుకే. తల లోపల ఏమీ లేదు.

వెటకారం_వెంకటం
చివరి వాక్యం నా గురించా?

నాదబిందువు
కొలతలబడి గారు అన్నీ కొలుస్తారు గానీ అనుభవాన్ని కొలవలేరు. నేను నాలుగేళ్లుగా వెళ్తున్నాను. 432 హెర్ట్జ్‌కి శ్రుతి చేసిన బౌల్స్‌తో, మామూలు 440 బౌల్స్‌తో శరీరం స్పందించే తీరే వేరు. 432 ప్రకృతి స్వరం. 528 కణాల స్థాయిలో బాగుచేస్తుంది. ఏడు లోహాలతో చేసిన ప్రాచీన టిబెటన్ బౌల్స్‌కి ఉన్న శక్తి గాజు కుండలకి రాదు.

కొలతలబడి
మీకు హాయిగా ఉందంటే కాదనను, అది మీ సొంతం. అంకెల దగ్గరే నా పేచీ.

432 హెర్ట్జ్ అంటే సెకనుకి 432 కంపనాలు. సెకను అనేది మనుషులు పెట్టుకున్న కొలత. రోజుని 24 గంటలు చేసి, గంటని 60, మళ్లీ 60 చేశాం. 20గానో 100గానో చేసుంటే ఇదే స్వరానికి అంకె వేరే ఉండేది. ఇక ప్రకృతికి ఇష్టమైన అంకె ఎక్కడినుంచి వచ్చింది? 440 కూడా దైవదత్తమేం కాదు. వాద్యాలన్నీ కలిసి మోగడానికి ఒక ఒప్పందం కావాలి కాబట్టి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1955లో దాన్ని సిఫారసు చేసింది, 1975లో ఖాయం చేసింది. 528 కణాలని బాగుచేస్తుందనడానికి ఆధారం లేదు.

ఏడు లోహాల మాట కూడా అంతే. పరీక్షిస్తే ప్రధానంగా రాగి, తగరం తేలతాయి. మన భాషలో ఒక్క మాట చాలు, కంచు. టిబెటన్ సింగింగ్ బౌల్ అన్న పేరుతో ఇవి పాశ్చాత్య దేశాల్లో ప్రచారంలోకి వచ్చింది 1970ల్లో. మోత బాగుంటే చాలదా, దానికి వెయ్యేళ్ల వంశవృక్షం ఎందుకు?

నాదబిందువు
ఆధారం లేదంటే అబద్ధమని కాదు కదా.

కొలతలబడి
నిజమని కూడా కాదు కదా.

చెవులపిల్లి
ఇద్దరూ ఒకే చాప మీద పడుకుని తేల్చుకోండి.

గోడమీదపిల్లి
ఆధారం ఊసు వచ్చింది కాబట్టి. 2016లో ఒక పరిశోధన వచ్చింది, కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియాగో వాళ్లది. 62 మందికి సింగింగ్ బౌల్స్ వినిపించి, ముందూ తర్వాతా మనసు ఎలా ఉందో అడిగారు. టెన్షన్, కోపం, అలసట, దిగులు తగ్గాయన్నారు. కొత్తగా వచ్చినవాళ్లకి టెన్షన్ ఇంకా ఎక్కువ తగ్గిందట. ఇది చూపించి గంతులేసేముందు ఒక్కటి గమనించాలి. పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదు. బౌల్స్ లేకుండా అదే గదిలో అదే దుప్పటి కప్పుకుని అంతసేపు పడుకున్నవాళ్లకి ఎంత తగ్గేదో తెలియదు.

నా పేరుకి తగ్గట్టే చెబుతున్నా. మనలో ఎంతమంది పగటిపూట ఫోన్ లేకుండా గంటసేపు ఊరికే పడుకుంటున్నాం? ఆ గంటకి ఒక పేరు, ఒక టికెట్టు, ఒక కంచు గిన్నె ఉంటే తప్ప పడుకోలేకపోతున్నాం. అలాగే కానివ్వండి, తప్పేముంది?

కంచుకంఠం
వాయించేవాడిగా ఒప్పుకుంటున్నాను. మందు మానేసి నా దగ్గరికి రండి అని ఎవరైనా వాయించేవాళ్లు అన్నారంటే మాత్రం చెప్పులు వేసుకుని వచ్చేయండి.

తలగడ
నాకొక చేదు అనుభవం ఉంది, చెప్పొచ్చా? పేరు అనవసరం. అక్కడ వాయించడం తక్కువ, మాట్లాడటం ఎక్కువ. "ఇప్పుడు మీ మూలాధారం తెరుచుకుంటోంది, ఇప్పుడు మీ బాల్యపు గాయం పైకొస్తోంది" అని ఆపకుండా వ్యాఖ్యానం. నాకు పైకొచ్చింది విసుగొక్కటే. ఆపైన చెప్పకుండా నా తల వెనక గాంగ్ ఒక్కసారిగా మోగించారు. గుండె గొంతులోకొచ్చింది. లేచి కూర్చుంటే "మీలో ప్రతిఘటన ఉంది" అన్నారు. ప్రతిఘటన కాదు తల్లీ, చెవులున్నాయి.

పాత_నర్సు
ఇది ముఖ్యమైన మాట. నచ్చలేదని చెప్పిన మనిషిలోనే లోపం వెతికే చోటికి రెండోసారి వెళ్లక్కర్లేదు.

వెటకారం_వెంకటం
చెవిటివాడి ముందు శంఖం ఊదడం తెలుసు. చెవులున్నవాడి వెనక గాంగ్ కొట్టడం కొత్త సామెత.

రెండోబెంచీ
ఏడుపు గురించి ఎవరూ రాయలేదు. నేను ఏడ్చాను. ఇది రాయడానికి రెండు రోజులు ఆలోచించా.

దుఃఖమేమీ గుర్తు రాలేదు. ఒక పెద్ద బౌల్, బాగా లోతైన గొంతు, మోగి మోగి ఇక వినిపించదేమో అన్నంత సన్నబడింది. నేను దాని వెంట చెవి పెట్టి పోతున్నా. అది ఎక్కడ ఆగిందో తెలియలేదు, ఆగాక కూడా ఇంకా మోగుతోందనే అనుకుంటున్నా. అప్పుడు కళ్లలోంచి నీళ్లు. వెల్లకిలా పడుకుంటే కన్నీళ్లు చెంపల మీదకి రావండీ, కణతల మీదుగా జారి చెవుల్లోకి పోతాయి. చక్కిలిగిలి. ఏడుస్తూ నవ్వొచ్చింది. తుడుచుకుందామంటే మాస్క్, కదిలితే చాప చప్పుడు. రెండు చెవుల్లో నీళ్లతో అలాగే పడుకున్నా.

నాదబిందువు
అది లోపల దాచుకున్నది విడుదలవడం.

రెండోబెంచీ
అయ్యుండొచ్చు. ఆ వారమంతా నిద్ర లేదు, దానివల్ల కూడా అయ్యుండొచ్చు. నాకు పేరు పెట్టాలని లేదండీ.

చెవులపిల్లి
సౌండ్ బాత్‌లో నిజంగా తడిసింది రెండోబెంచీ ఒక్కరే.

గోడమీదపిల్లి
ఇంట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే సరిపోదా? ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి.

కొలతలబడి
నిద్రపట్టడానికైతే సరిపోవచ్చు. కానీ గాంగ్ అడుగు స్వరాలు చిన్న ఇయర్‌ఫోన్‌లో సరిగా పలకవు. గదిలో అయితే శబ్దం నేల ద్వారా వీపుకి, ఎముకలకి తగులుతుంది. ఫోన్‌లో వినడమంటే వాన బొమ్మ చూడటం లాంటిది. ఒకటి మాత్రం చెప్పాలి, వాల్యూమ్ తగ్గించే బటన్ ఇంట్లోనే ఉంటుంది.

నిద్రలేని_నక్షత్రం
వెళ్లొచ్చాను. రాసేస్తాను, మళ్లీ మర్చిపోతాను.

వెనక వరస, తలుపు పక్కన, తువ్వాలు మోకాళ్ల కింద, సాక్సులు, రెండు దుప్పట్లు, జేబులో ఇయర్ ప్లగ్స్. నా సామాను చూసి అక్క "కాపురానికి వచ్చావా" అంది. మొత్తం పద్నాలుగు మంది. వాయించే ఆవిడ ముందే అందరినీ అడిగారు, చెవి సమస్యలు, మూర్ఛ, పేస్‌మేకర్ ఏమైనా ఉన్నాయా అని. నేను చెయ్యెత్తాను. "గాంగ్ ముందు ఒకసారి మెల్లగా మోగించి చూపిస్తాను, ఎక్కువైతే వేలు ఎత్తండి" అన్నారు. సగం భయం అక్కడే పోయింది.

మొదటి పది నిమిషాలు ఘోరం. ముక్కు దురద, అనుకున్నట్టే. పక్కాయన మడమ చాపకి రాసుకుంటున్న చప్పుడు. గ్యాస్ కట్టేశానా లేదా అని ఒక ఆలోచన, దాని వెనక ఇంకో పది. కొలతలబడి గారు చెప్పిన ఆ ఊగే మోత వెతకడం మొదలుపెట్టాను. ఒక బౌల్‌లో దొరికింది. సెకనుకి ఒకసారి ఉబ్బుతోంది, లెక్కపెడుతూ పోయా. ఇరవై దాకా గుర్తుంది.

గాంగ్‌కి ప్లగ్స్ పెట్టుకున్నా. పెట్టుకున్నా నేల కింద ఏదో పెద్ద బండి మెల్లగా వెళ్తున్నట్టు వీపుకి తెలిసింది. అనుభూతి అంటే అదొక్కటే, నచ్చింది. రంగులు కనిపించలేదు, తేలలేదు.

అసలు సంగతి ఇది. గాంగ్ ఆగాక ప్లగ్స్ తీశాను, ఆ చివరి నిశ్శబ్దం. నా ఎడమ చెవిలో కీ లేదు. లేదంటే లేదు. వెతికాను, లేదు. రెండేళ్లలో మొదటిసారి నిశ్శబ్దం రెండు చెవులతో విన్నాను. లేవమన్నప్పుడు పక్కకి తిరిగి మెల్లగా లేచాను, మంచినీళ్లు తాగాను, ఎవరితోనూ మాట్లాడలేదు. మెట్లు దిగుతుంటే రెండో మలుపు దగ్గర మళ్లీ మొదలైంది. అదే కీ, అక్కడే. ఏడుపొచ్చినంత పనైంది.

పాత_నర్సు
ఇది మీ ఊహ కాదు. బయటి శబ్దం చెవి మోతని కప్పేయడం ఒకటి. ఆ శబ్దం ఆగాక కూడా కాసేపు మోత తగ్గడమో మాయమవడమో ఇంకొకటి, వైద్యులకి తెలిసిన సంగతే. సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా ఉండొచ్చు, కొందరికి అసలు ఉండదు. నయమైనట్టు కాదు, అలాగని పోగొట్టుకున్నదీ ఏమీ లేదు. ఈసారి చెవి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ ముక్క తప్పక చెప్పండి. దానికోసం మళ్లీ గాంగ్ పక్కన పడుకోవద్దు, వెనక వరసే.

నాదబిందువు
ఏ శ్రుతి బౌల్స్ వాడారో అడిగారా?

కొలతలబడి
దయచేసి వద్దు.

తలగడ
ఆ రాత్రి నిద్ర పట్టిందా?

నిద్రలేని_నక్షత్రం
ఇంటికి రాగానే పట్టింది. రెండింటికి మెలకువ వచ్చింది, మామూలుగానే. కాకపోతే ఈసారి ఫోన్ తీయకుండా, ఆ బౌల్ ఎలా ఊగిందో గుర్తుచేసుకుంటూ పడుకున్నా. మళ్లీ ఎప్పుడు పట్టిందో తెలియదు. వచ్చే నెల ఇంకోసారి వెళ్తాం, ఈసారి నేనే అక్కని ఈడ్చుకెళ్లాలి.

వెటకారం_వెంకటం
ఎందుకు, అక్కకి నచ్చలేదా?

నిద్రలేని_నక్షత్రం
అక్క మొదటి అయిదు నిమిషాల్లోనే నిద్రపోయింది. గుర్రు. ఆవిడ మూడుసార్లు వచ్చి చైమ్ ఆడించారు. బయటికొచ్చాక అక్క మొదటి మాట: "అంతా బాగుంది గానీ ఎవరో గుర్రు పెట్టారే, వినలేకపోయా." నేనింకా నిజం చెప్పలేదు.

కొత్తగాచేరా
థ్రెడ్ మొత్తం చదవలేదు, క్షమించాలి. రేపు వెళ్తున్నాను. ఇంతకీ తువ్వాలు తీసుకెళ్లాలా, వద్దా?

చెవులపిల్లి
తీసుకెళ్లు.